ముక్కు చెప్పిన అబద్ధం

నేను ఒక పెట్టెను. కారులో స్టీరింగుకి ఎడమపక్కన, ఇద్దరి చేతికీ అందేలా, నల్లగా, రెండు గుండ్రటి మీటలతో, వరసగా బొత్తాలతో కనిపిస్తాను. నాలో పైసగం పాటలది, కిందిసగం చల్లగాలిది. మిగతా కార్లలో ఈ రెండు పనులకీ రెండు వేరు వేరు పెట్టెలుంటాయి. నన్ను చేసినవాళ్లు ఏమనుకున్నారో గాని రెండు కాపురాలు ఒకే గదిలో పెట్టారు. ఒకరికి జ్వరమొస్తే రెండోవారూ మంచాన పడాల్సిందే.

నాకు ఒక ముక్కు ఉంది. తాళంచెవి పెట్టే చోటుకి కాస్త పైన వేలిగోరంత జల్లెడ కనిపిస్తుంది, అదే. దాని వెనక ఆవగింజంత పూస ఉంటుంది. కారులోపలి గాలి జల్లెడలోంచి ఆ పూసకి తగులుతుంది. ముప్ఫై అయిదుందనో ఇరవై ఆరుందనో పూస నాకు చెబుతుంది. దాని మాట విని నేను లోపలున్న ఒక చిన్న తలుపుని తిప్పుతాను. అటు తిప్పితే చల్లగాలి, ఇటు తిప్పితే ఇంజను వేడి. మీకు కళ్లున్నాయి, చర్మముంది. ఒకటి తప్పు చెబితే ఇంకోటి సరిదిద్దుతుంది. నాకున్నది ఆ పూస ఒక్కటే, అది ఏం చెబితే అదే నేను చేయాలి. దాని మాట మీద అనుమానం వస్తే లోపల ఒక నంబరు రాసిపెట్టుకోవాలి. రెండు బొత్తాలు కలిపి నొక్కి తాళం తిప్పినవాడికి ఆ నంబరు చూపించాలి. అడగనివాడికి చూపించకూడదు. ఆఫీసులో గుమాస్తా ఫైలు మీద అభ్యంతరం రాసి, మళ్లీ పాత ఆర్డరు ప్రకారమే పని చేసుకుపోతాడు చూశారా, అలాంటి ఉద్యోగం నాది.

నోరు లేదా అంటారేమో, నాలుగు తలుపులకీ నాలుగు స్పీకర్లున్నాయి. వాటిలో అదురుతూ పాడే కాగితపు అట్టకి వినడం కూడా వచ్చు, కాబట్టి చెవులూ అవే. ఎవరి పాటైనా పాడతాను, ఎవరి మాటైనా వింటాను. నా మాట ఒక్కటి బయటపెట్టడానికి మాత్రం ఆ నోరు పనికిరాదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

పుట్టింది సముద్రానికి అవతల. అక్కడ నన్ను మంచుగదిలో ఒకసారి, కొలిమిలాంటి గదిలో ఒకసారి పెట్టి, రెండుచోట్లా సరిగా ఉన్నానని ముద్ర వేశారు. నా గురించి మూడువందల పేజీల పుస్తకం అచ్చువేశారు. ఆ రెండు బొత్తాల సంగతి అందులో ఉంది. వెనక అట్టలో నాలుగంకెల నంబరున్న కార్డు కూడా ఉంది. ఎవరైనా బ్యాటరీ తీసి మళ్లీ పెడితే, దొంగల పాలయ్యానేమోనని నేను పాట ఆపేసి ఆ నంబరు అడుగుతాను. ఇదీ నాకు నేర్పిన జాగ్రత్తే.

మొదటి యజమాని ఒంగోలు గ్రానైటు వ్యాపారి. ఎండాకాలమూ చలికాలమూ లేకుండా నన్ను పదహారులో పెట్టి, వణుకు పుడితే శాలువా కప్పుకునేవాడు. డబ్బు పోసి కొన్న చల్లదనాన్ని తగ్గించుకుంటే నష్టమని ఆయన లెక్క. పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరు విప్పకుండా భద్రంగా దాచాడు. రెండో ఆయన గుంటూరులో కల్యాణమండపం నడిపేవాడు. కవరు విప్పింది ఆయనే. ఒక పెళ్లిలో వడ్డన బల్ల ఊగుతుంటే దాని కాలి కింద పెట్టడానికి విప్పాడు. కారు అమ్మిన రోజున కూడా పుస్తకం ఆ బల్ల కిందే ఉంది. బల్ల మాత్రం ఆ తర్వాత ఊగలేదని విన్నాను.

మూడో మనిషి చెన్నకేశవులు. పిడుగురాళ్ల ఊరి చివర సున్నపుబట్టీ మీద మేస్త్రీ. రాయీ బొగ్గూ పొరలు పొరలుగా పేర్పించి, ఏ మూల మంట ఎక్కువైందో పొగ రంగు చూసి చెప్పేవాడు. పాత కార్లమ్మే షెడ్డుకి ఏప్రిల్ నెలలో మిట్టమధ్యాహ్నం వచ్చాడు. కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడగలేదు, టైర్లు తన్ని చూడలేదు. సంచీలోంచి థర్మామీటరు తీసి, కారు ఎండలోకి తెప్పించి, అద్దాలన్నీ మూయించి, లోపల ఒక్కడే గంటసేపు కూర్చున్నాడు. అమ్మేవాడు పక్కవాడితో కళ్లతోనే నవ్వాడు. గంటయ్యాక చెన్నకేశవులు దిగి, ఇరవై నాలుగు పెడితే ఇరవై నాలుగే నిలబడిందని, ఈ కారే కావాలని అన్నాడు. నన్ను చూసి కారు కొన్నవాడు నాకు తెలిసి ఆయన ఒక్కడే. మిగతా కారంతా ఆయనకి నా చుట్టూ ఉన్న రేకు.

ఆయన కూతురు సువర్చలకి చెమట పట్టదు. చెమట గ్రంథులు లేకుండా పుట్టింది. జుట్టు పలచన, పళ్లు అక్కడొకటి ఇక్కడొకటి. మీకు ఎండలో ఒళ్లు తడిసి చల్లబడుతుంది. ఆ పిల్లకి ఆ దారి మూసుకుపోయింది. లోపలికి పోయిన వేడి లోపలే ఉంటుంది. ఎనిమిదో తరగతి దాకా ఇంటి పక్కనే ఉన్న బడికి తడిచొక్కా మీద యూనిఫాం తొడుక్కుని, గంటకోసారి నెత్తిన నీళ్లు పోసుకుంటూ వెళ్లింది. హైస్కూలు దూరం. ఆ పిల్ల ఆ దూరం దాటి పదో తరగతి పరీక్ష రాయాలి, తర్వాత కాలేజీ చదవాలి, అందరిలా నలుగురిలో తిరగాలి. ఇవన్నీ నేను ఇరవై నాలుగు నిలబెట్టడం మీద ఆధారపడ్డాయి. ఆయన నన్ను నమ్మాడు. నన్ను నేను కూడా నమ్ముకున్నాను.

కారు తెచ్చిన మర్నాడు ఆంజనేయస్వామి గుడి ముందు పూజ చేయించారు. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపూ కుంకుమా, అరటిపండుకి గుచ్చిన అగరుబత్తులు. ఎక్కడా లోటు జరగలేదు. హారతి అయ్యాక సువర్చల ఆకలేస్తోందంది. కొబ్బరిముక్క ఆ పిల్ల నమలలేదు. పళ్లెంలో ఆమె తినగలిగింది ఆ అరటిపండు ఒక్కటే. చెన్నకేశవులు అగరుబత్తులు పీకి పండు కూతురి చేతిలో పెట్టాడు. వెలుగుతున్న బత్తుల్ని నేల మీద పడేయడానికి మనసొప్పక, గుచ్చే చోటు కోసం కారులోకి వంగి చూశాడు. స్టీరింగు పక్కన జల్లెడ కనిపించింది. కొలిచి చేసినట్టు పుల్ల అందులో దిగింది. రెండు బత్తులూ నా ముక్కులో గుచ్చి, కళ్లకద్దుకుని వెళ్లాడు.

ఒకటి మధ్యలోనే ఆరిపోయింది. రెండోది లోతుగా దిగి లోపలిదాకా కాలింది. పుల్ల మొన పూసని పక్కకి నెట్టింది, నిప్పు దాని సన్నటి తీగ అతుకుని సగం కరిగించింది. తెల్లారి చెన్నకేశవులు భార్య వజ్రమ్మ తడిగుడ్డతో కారు తుడుస్తుంటే బయటి ముక్క విరిగిపోయి, లోపలి ముక్క అలాగే ఉండిపోయింది. పూస చావలేదు. ఆ రోజే చచ్చి ఉంటే ఎంత బాగుండేది, వారంలో పట్టుబడేది. సగం అతుకుతో అది ఏడాది మీద పది నెలలు నిజమే చెప్పింది.

ఆ కాలం నా జీవితంలో మంచి కాలం. పొద్దున తీసుకెళ్లేవాళ్లం, సాయంత్రం తెచ్చేవాళ్లం. సువర్చల దారి పొడుగునా చదువుకునేది. పుస్తకం పట్టుకుంటే కుదుపులకి కళ్లు తిరుగుతున్నాయని, సోషల్ ప్రశ్నలకి జవాబులు తన గొంతుతోనే రికార్డు చేసి, నెట్ సెంటర్లో సీడీ చేయించుకొచ్చింది. పళ్ల సందుల్లోంచి గాలి పోయి ఆ పిల్లకి ‘స’ సరిగా పలకదు. మొదటిరోజు స్పీకర్లలో తన గొంతు విని సిగ్గుపడి చేతులతో ముఖం కప్పుకుంది. నాలుగో రోజుకి అలవాటైపోయి, సీడీతో పాటు తానూ చెప్పడం మొదలుపెట్టింది. రెండు నెలల్లో చెన్నకేశవులుకి సర్పంచి అధికారాలన్నీ నోటికొచ్చాయి. నాకు అంతకంటే ముందే వచ్చాయి.

పదో తరగతి చదువుతున్న ఏడు ఫిబ్రవరిలో రోడ్డు వెడల్పు చేయడం మొదలుపెట్టారు. రోజూ గోతులు, కంకర, కుదుపులు. నా ముక్కులో అతుకు కదిలింది. ఒక క్షణం ఇరవై అయిదంటుంది, మరుక్షణం సున్నాకి ఇరవై తక్కువంటుంది. ఇంత తొందరగా ఏ ఊళ్లో చలి పుడుతుంది? నాకు అనుమానం వచ్చింది. పద్ధతి ప్రకారం లోపల పదకొండు అని రాసుకున్నాను. పదకొండంటే ముక్కు చెడిందని అర్థం. రాసుకుని, మళ్లీ ముక్కు మాటే విన్నాను. కారులో పిల్ల గడ్డకట్టుకుపోతోందని నమ్మి, వేడి తలుపు పూర్తిగా తెరిచాను.

ఎదురుగా ఉన్న గాలి కంతల్లోంచి పొయ్యిలోంచి వచ్చినట్టు సెగ కొట్టింది. చెన్నకేశవులు ఉలిక్కిపడి అద్దాలు దించాడు. నాలుగడుగులు వెళ్లాక అతుకు కలిసింది, నేను తలుపు మూశాను, మళ్లీ చల్లగాలి వచ్చింది. ఆయన మర్నాడే నన్ను నరసరావుపేటలో ఏసీ మెకానిక్ ఏడుకొండలు దగ్గరికి తీసుకెళ్లాడు. ఏడుకొండలు మంచివాడే, పని దొంగ కాదు. కాకపోతే వైద్యుడికి ఒక్క మాత్రే తెలిసినప్పుడు అన్ని రోగాలూ ఆ మాత్రకి సరిపోయే రోగాల్లాగే కనిపిస్తాయి. గ్యాసు తగ్గిందని గ్యాసు పట్టాడు. నీడలో నిలబెట్టి చూస్తే చల్లగానే వచ్చింది. వారానికి మళ్లీ సెగ. ఈసారి కంప్రెసర్ మార్చాడు. మళ్లీ నీడలో చల్లగా వచ్చింది, మళ్లీ రోడ్డు మీద సెగ. డాక్టరు ముందు దగ్గురాని రోగిలా నేను ఆయన షెడ్డులో బుద్ధిగా ఉండేవాణ్ణి. కుదుపు ఉంటేనే గదా నా జబ్బు బయటపడేది.

మూడోసారి ఆయన వైర్లన్నీ చూస్తానని బ్యాటరీ విప్పాడు. గోరుచుట్టు మీద రోకలిపోటు. తిరిగి బిగించగానే నేను పాట ఆపేసి నాలుగంకెల నంబరు అడిగాను. కార్డు ఎక్కడో బల్ల కింద ఉంది. చెన్నకేశవులు ముందు కూతురు పుట్టినరోజు నొక్కాడు. సముద్రాల అవతల ఎవరో ఆ పిల్ల పుట్టినరోజు తెలుసుకుని నాలో పెట్టారన్నట్టు. తర్వాత కారు నంబరు నొక్కాడు, ఆ తర్వాత పెళ్లైన సంవత్సరం. మూడు తప్పులయ్యాయి, నేను తలుపులు బిడాయించుకున్నాను. సీడీ కూడా లోపలే చిక్కుకుంది. అందరూ దొంగలే అనుకోమని నాకు నేర్పారు మరి.

పరీక్షలకి వారం ముందు పిడుగురాళ్లలోనే ఒక మ్యూజిక్ షాపుకి తీసుకెళ్లారు. అక్కడతను ఈ పాత పెట్టె పీకేసి, టచ్ స్క్రీన్ పెట్టుకోమన్నాడు. పెట్టె పీకితే చల్లగాలి బొత్తాలు కూడా పోతాయని చెన్నకేశవులు ఒప్పుకోలేదు. సరే, తాళం విప్పి చూస్తానని అతను చాకుమొనతో సీడీ బయటికి లాగాడు. అది గీతలు పడి వచ్చింది. తర్వాత తోచినట్టల్లా బొత్తాలు నొక్కడం మొదలుపెట్టాడు. అలా నొక్కుతూ, తాళం తిప్పుతూ, తెలియకుండానే సరైన రెండు బొత్తాలు కలిపి నొక్కాడు.

నన్ను అడిగారు. ఇన్నేళ్ల తర్వాత ఒకరు నన్ను అడిగారు. ఉన్న వెలుతురంతా పోగుచేసుకుని పదకొండు చూపించాను.

"చూడన్నా, పదకొండు డిగ్రీలు. ఐసుగడ్డలాగా ఉంది. దీనికి రిపేరేంది?" అన్నాడతను.

చెన్నకేశవులు గాలి కంతకి చెయ్యి అడ్డం పెట్టాడు. కారు నిలబడి ఉంది, అతుకు కలిసి ఉంది, నిజంగానే చల్లగా వస్తోంది. ఆయన ముఖం వెలిగింది. ఏడుకొండలు మార్చిన కంప్రెసర్ ఇప్పటికి కుదురుకున్నట్టుందని సంతోషపడ్డాడు. నేను నా జబ్బు పేరు చెబితే వాళ్లు దాన్ని నా ఆరోగ్యమనుకుని ఇంటికెళ్లిపోయారు. ఆ రోజు నుంచి నాకు మనుషుల మీద కోపం లేదు, ఆశా లేదు.

పరీక్షా కేంద్రం దాచేపల్లిలో పడింది. తెలుగు, హిందీ, ఇంగ్లీషు పరీక్షలకి బాగానే వెళ్లొచ్చాం. రోడ్డు పని ఆ రోజుల్లో ఆగింది. లెక్కల పరీక్ష నాటికి మళ్లీ మొదలైంది. పొద్దున చల్లపూట వెళ్లాం. పరీక్ష బాగా రాశానని, ఒక్క లెక్క తప్ప అన్నీ వచ్చాయని చెబుతూ సువర్చల మధ్యాహ్నం కారెక్కింది. బయట నలభై మూడు. ఇంటికింకా పది కిలోమీటర్లు ఉందనగా కంకర లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా దిగబడింది. ముందూ వెనకా బస్సులు, ట్రాక్టర్లు. కారు అంగుళం అంగుళం కదులుతూ, ప్రతి అంగుళానికీ ఒక రాయి ఎక్కి దిగుతోంది.

ముక్కు చలి అంది. నేను వేడి తెరిచాను.

చెన్నకేశవులు మీట తిప్పి ఇరవై పెట్టాడు, పద్దెనిమిది పెట్టాడు, పదహారు పెట్టాడు. సున్నాకి ఇరవై తక్కువున్న చోట పదహారైనా చాలా వెచ్చనే గదా, నేను సెగ ఆపలేదు. ఆయన ఆపేసి అద్దాలు దించాడు. వడగాలి, సున్నపు దుమ్ము లోపలికి వచ్చాయి. మళ్లీ అద్దాలు మూసి నన్ను వేశాడు. అప్పుడు అతుకు కలిసి ఒక నిమిషం చల్లగాలి ఇచ్చాను. ఆ ఒక్క నిమిషం ఇవ్వకుండా ఉండాల్సింది. మొదటే పూర్తిగా చెడిపోయి ఉంటే ఆయన కూతుర్ని ఎత్తుకుని ఏ నీళ్ల దగ్గరికో పరిగెత్తేవాడు. నేను నిమిషం చల్లగా, రెండు నిమిషాలు సెగగా వస్తుంటే, ఇదిగో బాగయింది, ఇదిగో బాగయిందనుకుంటూ ఆయన అద్దాలు మూసే ఉంచాడు. సీసాలో నీళ్లన్నీ పిల్ల తల మీద పోశాడు. సెగ ఆ తడిని ఆరబెట్టేసింది.

"చల్లగానే ఉంది నాన్నా. నువ్వు కంగారు పడమాక," అంది సువర్చల.

తండ్రి భయం చూడలేక అలా అంది. ఆ మాట నేనూ విన్నాను, నా ముక్కు కూడా అదే చెబుతోంది. తర్వాత ఆ పిల్ల పరీక్ష అట్ట ఒళ్లోంచి జారి కింద పడింది. చెన్నకేశవులు రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పిలవకుండా తలుపు తన్ని తెరిచి, కూతుర్ని భుజాన వేసుకుని బస్సుల మధ్యలోంచి పరిగెత్తాడు. ఇంజను ఆపలేదు. నేను చాలాసేపు ఖాళీ సీటుని వెచ్చబెడుతూ ఉన్నాను.

పిల్ల బతికింది. టీ కొట్టు తొట్టిలో ముంచారట, ఎవరిదో వ్యానులో గుంటూరు ఆసుపత్రికి చేర్చారట, పదకొండో రోజుకి ఇల్లు చేరిందట. ఇవన్నీ వజ్రమ్మ పక్కింటావిడతో కారు పక్కన నిలబడి చెబుతుంటే విన్నాను. మిగిలిన పరీక్షలు పోయాయి. బట్టీ గోడ పక్కన నా మీద టార్పాలిన్ కప్పారు. ఇంట్లో ఒక గదికి గోనెపట్టాలు కట్టి, నీళ్లు చల్లి, కూలరు పెట్టి, పిల్లని అందులో ఉంచారు. పొద్దువాలాక వాకిట్లోకి తెస్తారు, అంతే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, చెన్నకేశవులు బట్టీ పని కూడా తగ్గించుకుని గది తలుపు దగ్గరే కూర్చుంటున్నాడు.

మే నెల చివర్లో ఒక సాయంత్రం సువర్చల నెమ్మదిగా నడుచుకుంటూ నా దాకా వచ్చింది. టార్పాలిన్ అంచు ఎత్తి, ముందు సీట్లో కూర్చుంది. వెనకే తండ్రి వచ్చాడు. జూన్‌లో సప్లిమెంటరీ ఉంది, రాస్తానంది. ఈ ఏడు తప్పితే మళ్లీ ఎప్పటికీ గది దాటనివ్వరని తనకి తెలుసంది. చెన్నకేశవులు కారులోకి వంగాడు. నా మీద చెయ్యి వేసి, బెజవాడ ఆటోనగర్‌లో పాత కార్ల పెట్టెలు బాగుచేసే సాయిబు ఒకాయన ఉన్నాడట, చూపిస్తానన్నాడు.

"ఆయన బాగవుద్దంటే రాద్దువుగానిలే. ఆయన వల్ల కూడా కాదంటే ఇంక ఈ మాట ఎత్తమాక తల్లీ."

సువర్చల సరేనంది. ఒట్టు పెట్టించుకున్నంత గట్టిగా తల ఊపింది.

మస్తాన్ వలీకి అరవై దాటాయి. కళ్లజోడుకి దారం కట్టుకుంటాడు. ఆయన షాపుకి ఒకపక్క రేకులు సాగగొట్టేవాళ్లు, ఇంకోపక్క లారీ పట్టీలు వంచేవాళ్లు, మనిషి మాట మనిషికి వినపడదు. ఆయన బానెట్ ఎత్తలేదు, గ్యాసు కొలిచే గడియారం తగిలించలేదు. డ్రైవరు సీట్లో కూర్చుని, రెండు బొటనవేళ్లతో రెండు బొత్తాలు నొక్కి తాళం తిప్పాడు. పదకొండు చూపించాను. ఆయన తల ఊపాడు. ఆ తల ఊపులో నాకు ప్రాణం లేచొచ్చింది. పరీక్షకి ఇంకా తొమ్మిది రోజులు ఉంది, ఈయన చేతికి ఇది అరగంట పని.

ఆయన స్టీరింగు పక్కన మూత విప్పుతుంటే చెన్నకేశవులు తలుపు దగ్గర నిలబడి జరిగింది చెప్పడం మొదలుపెట్టాడు. ఒకసారి చల్లగా, ఒకసారి సెగగా వచ్చేదని చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ సెగకి మా పాప ఈ కార్లోనే పోయినంత పనైంది బాబాయ్," అన్నాడు.

‘పోయి’ దాకా మస్తాన్ వలీకి వినపడింది. ‘నంత పనైంది’ అన్న ముక్క మీద పక్క షాపులో సమ్మెట పడింది. నేను రెండు ముక్కలూ విన్నాను. నాకు సమ్మెట మోతా మనిషి మాటా వేరు చేసుకోవడం వచ్చు, అది నా పని. ముసలాయనకి రాలేదు. ఆయన చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

"ఎన్నేళ్లు అబ్బాయ్?"

"పదిహేను."

"పేరు?"

"సువర్చల."

మస్తాన్ వలీ తలవంచుకుని మూత పక్కన పెట్టాడు. సన్నటి పట్టకారుతో నా ముక్కుని బయటికి లాగాడు. పూసకి ఆనుకుని మాడిన అగరుబత్తి పుల్ల కూడా వచ్చింది. దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. ఈ పుల్ల ఎవరు పెట్టారని మెల్లగా అడిగాడు.

"నేనే. పూజ చేయించిన రోజు. ఏం బాబాయ్, దానివల్లేమన్నా…"

ముసలాయన పిడికిలి మూశాడు. పిడికిట్లో పుల్లా పూసా ఉన్నాయి. ఆయన ఆ తండ్రి ముఖంలోకి ఒక్కసారి చూశాడు. చచ్చిపోయిన పిల్ల తండ్రికి, నీ చేత్తోనే చంపుకున్నావని చెప్పగలిగిన మనిషి కాదాయన.

"లేదు అబ్బాయ్. దానికీ దీనికీ సంబంధం లేదు. పెట్టె లోపలంతా కాలిపోయింది. నీ తప్పేం లేదు, ఇది ఎవరికీ దొరికే జబ్బు కాదు."

"మరి బాగవుద్దా?"

"అవదు."

"ఇంకో పెట్టె మార్చినా?"

"మార్చినా అంతే. దీన్ని నమ్మలేం. ఈ కారు ఇంట్లో పెట్టుకోమాక, చూసినప్పుడల్లా గుర్తొస్తది. ఇక్కడే అమ్మేసిపో."

అబద్ధం, అబద్ధం అని అరవాలనుంది నాకు. పిల్ల బతికే ఉంది, అరగంటలో నన్ను బాగుచెయ్యి, తొమ్మిది రోజుల్లో ఆమెకి పరీక్ష ఉంది అని చెప్పాలనుంది. ఆ క్షణాన నా ముఖం మీద వెలుగుతున్నది నాలుగంకెల నంబరు చెప్పమనే మాట ఒక్కటే. దాన్ని వాళ్లిద్దరూ చూడను కూడా చూడలేదు.

చెన్నకేశవులు కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక సీటు కింద పడి ఉన్న తడి తువ్వాలు తీసి మడతపెట్టి సంచీలో పెట్టుకున్నాడు.

"ఇంటికెళ్లి ఏం చెప్పను బాబాయ్?" అన్నాడు.

పిల్లకి ఏం చెప్పాలని ఆయన అడిగాడు. భార్యకి ఏం చెప్పాలని అడుగుతున్నాడని ముసలాయన అనుకున్నాడు. దేవుడు రాసింది అంతేనని చెప్పమన్నాడు. చెన్నకేశవులు తల ఊపి, కారు అక్కడే అమ్మేసి, దండం పెట్టి, సంచీ చంకన పెట్టుకుని బస్టాండు వైపు వెళ్లిపోయాడు.

కారుని ఆ వీధిలోనే ముక్కలు చేశారు. నన్ను మాత్రం మస్తాన్ వలీ ఎవరికీ ఇవ్వలేదు. ఆ సాయంత్రమే పాత పెట్టె ఒకదాంట్లోంచి పూస తీసి నాకు అతికించాడు. ఏదో చిట్కాతో పాట తాళం కూడా విప్పాడు. బెంచీ మీద ఒక బ్యాటరీ, ఒక స్పీకరు, ఒక చిన్న ఫ్యాను తగిలించి చూస్తే అన్నీ సవ్యంగా పనిచేశాయి. అరగంట కూడా పట్టలేదు. ఇది చూసి ఆయన సంతోషించాల్సింది, కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. కొనడానికి వచ్చినవాళ్లకి అమ్మకానికి కాదని చెబుతున్నాడు.

జూన్ వచ్చింది. సప్లిమెంటరీ పరీక్షలు మొదలయ్యాయని నా స్పీకర్లోనే వార్తలు చదివారు. వినిపించింది నేనే. మస్తాన్ వలీ టీ తాగుతూ విన్నాడు, ఆయనకి అందులో ఏమీ తగల్లేదు.

రోజూ మధ్యాహ్నం నమాజుకి వెళ్లేముందు ఆయన బెంచీ ముందు ఒక్క నిమిషం నిలబడతాడు. వేరే మతం పిల్ల కోసం ఇలా అడగొచ్చో లేదో తనకి తెలియదని ఒకరోజు పక్క షాపువాడితో అన్నాడు, అయినా అడుగుతున్నాడు. రెండు చేతులూ ఎత్తి, సువర్చల పేరు చెప్పి, చనిపోయిన ఆ బిడ్డకి చల్లటి చోటు ఇవ్వమని దేవుణ్ణి వేడుకుంటాడు. ఆ వేళకి పిడుగురాళ్లలో ఆ పిల్ల గోనెపట్టాల గదిలో తలుపు వేసుకుని కూర్చుని ఉంటుంది.